కాసిల్‌రే ప్రభువు: సంస్కరణలు తెస్తానని గెలిచినవాడు ఐర్లండ్ పార్లమెంటునే ఎందుకు రద్దు చేయించాడు?

చరిత్ర విద్యార్థి:

మిత్రులకు నమస్కారం. గ్రేట్ బ్రిటన్‌తో ఐర్లండ్‌ను కలిపివేసిన 1800 నాటి విలీన చట్టం గురించి చదువుతుంటే, ఎటు తిరిగినా రాబర్ట్ స్టూవర్ట్ అనే ఒక్క మనిషే ఎదురవుతున్నాడు. చరిత్రలో ఆయన కాసిల్‌రే ప్రభువుగానే ప్రసిద్ధుడు. మన పాఠ్యపుస్తకాలలో ఈయన నెపోలియన్ పతనం తరువాత జరిగిన వియన్నా సమావేశంలో బ్రిటన్ తరఫున పాల్గొన్న మంత్రిగా ఒక్క వాక్యంలో కనిపించి మాయమవుతాడు. అంతకుముందు ఐర్లండ్‌లో ఆయన నడిపిన రాజకీయం గురించి చెప్పేవారు తక్కువ.

నా సందేహాలు ఇవి. ప్రభువు అనే బిరుదు ఉన్నవాడు ప్రభువుల సభకు వెళ్లకుండా కామన్స్ సభలోనే రాజకీయ జీవితమంతా ఎలా గడిపాడు? 1790లో పార్లమెంటరీ సంస్కరణల పేరుతో ఓట్లడిగి గెలిచినవాడు, పదేళ్లు తిరగకముందే ఆ పార్లమెంటునే లేకుండా చేయడానికి ఎందుకు పూనుకున్నాడు? విలీనం కేవలం లంచాలతోనే నెగ్గిందని కొందరు, అప్పటి రాజకీయాలలో అది మామూలు వ్యవహారమేనని మరికొందరు రాస్తున్నారు. ఇందులో నిజమెంత? తెలిసినవారు కాస్త వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

పాత పాఠకుడు:

మొదటి సందేహం తేలికగానే తీరుతుంది. కాసిల్‌రే అనే బిరుదు ఆయనకు సొంతంగా రాలేదు. తండ్రి పేరు కూడా రాబర్ట్ స్టూవర్టే. ఆ తండ్రి 1789లో బేరన్, 1795లో కాసిల్‌రే వైకౌంట్, 1796లో లండన్‌డెరీ ఎర్ల్, 1816లో మార్క్విస్ అయ్యాడు; ఇవి ఒకదానికంటే ఒకటి పెద్దవైన ప్రభు బిరుదులు. తండ్రికి ఒకటికంటే ఎక్కువ బిరుదులున్నప్పుడు వాటిలో పెద్దదాని తరువాతిదానిని పెద్దకొడుకు మర్యాదకోసం వాడుకోవడం అక్కడి ఆచారం. చట్టం దృష్టిలో మాత్రం అతడు సామాన్యుడే కనుక కామన్స్ సభకు పోటీ చేయవచ్చు. 1821లో తండ్రి చనిపోయి తానే మార్క్విస్ అయిన తరువాత కూడా ఆయన కామన్స్‌ను వదలలేదు. బ్రిటన్ ప్రభువుల సభకు ప్రతినిధులుగా ఎన్నిక కాని ఐర్లండ్ ప్రభువులు, ఐర్లండ్‌లో కాకుండా బ్రిటన్‌లోని ఏదైనా నియోజకవర్గం నుంచి కామన్స్‌కు రావచ్చునని విలీన చట్టమే అనుమతించింది. అందువల్ల ఆయన డౌన్ కౌంటీ స్థానాన్ని వదులుకుని, ఇంగ్లండ్‌లోని ఆర్ఫర్డ్ నుంచి సభకు వచ్చాడు.

కుటుంబం గురించి కూడా కొంత చెప్పాలి, ఎందుకంటే ఈ వంశం తరతరాల ప్రభువంశమేమీ కాదు. తాత అలెగ్జాండర్ స్టూవర్ట్ పెళ్లాడిన మేరీ కోవన్ అన్న రాబర్ట్ కోవన్, ఈస్టిండియా కంపెనీ తరఫున బొంబాయి గవర్నరుగా పనిచేసి గడించిన సంపద ఆమెకు దక్కింది. ఆ డబ్బుతోనే 1744లో డౌన్ కౌంటీలో న్యూటౌనార్డ్స్, కాంబర్ ఎస్టేట్లు కొన్నారు. ఆ వంశం ప్రొటెస్టెంట్లలోనే మరో శాఖ అయిన ప్రెస్బిటేరియన్లది. అంటే ఐర్లండ్‌లో అధికారమంతా చేతిలో పెట్టుకున్న ఆంగ్లికన్ చర్చికి కూడా వారు బయటివారే. బొంబాయి సొమ్ము, తరువాత కుదిరిన పెద్దింటి సంబంధాలు రెండూ కలిసి రెండు తరాలలో వారిని ప్రభువులను చేశాయి. మన కాసిల్‌రే తల్లి హెర్ట్‌ఫర్డ్ ప్రభువు కుమార్తె. ఆయనకు ఏడాది నిండిన కొద్దికాలానికే ఆమె కన్నుమూసింది. తరువాత ఆ ఇంటికి వచ్చిన సవతితల్లి కామ్డెన్ ప్రభువు కుమార్తె. ఈ కామ్డెన్ సంబంధమే రాజకీయాలలో ఆయనకు పెట్టుబడి అయింది.

ఇక 1790 ఎన్నిక. డౌన్ కౌంటీలో హిల్స్‌బరో వంశం, అంటే డౌన్‌షైర్ ప్రభువుల వంశం, ఎదురులేని పలుకుబడి గలది. 1783లో వారి దెబ్బకే స్టూవర్ట్ తండ్రి తన స్థానం పోగొట్టుకున్నాడు. 1790లో తండ్రి ప్రభువైపోయాడు కనుక కొడుకు బరిలో దిగాడు. డబ్లిన్‌లో 1769 జూన్ 18న పుట్టిన ఆ యువకుడికి పోటీ జరుగుతుండగానే ఇరవై ఒక్క ఏళ్లు నిండాయి. పోలింగు రెండు నెలలకు పైగా సాగింది. ఓటరు వేదిక మీదికి వచ్చి, తాను ఎవరికి ఓటు వేస్తున్నాడో అందరి ముందు నోటితో చెప్పాలి. ఏడాదికి 40 షిల్లింగుల విలువగల కౌలు హక్కు ఉంటే ఓటు వచ్చేది కనుక, భూస్వాములు ఎన్నికకు ముందు అటువంటి కౌళ్లు కుప్పలుగా రాయించి ఓటర్లను తయారు చేసుకునేవారు. స్టూవర్ట్ కుటుంబం ఈ ఒక్క ఎన్నికకు దాదాపు 60,000 పౌండ్లు వెచ్చించిందని, తమ నివాస ఎస్టేటు మౌంట్ స్టూవర్ట్‌లో కొత్త భవనం కోసం దాచిన సొమ్ము ఇందులోనే కరిగిపోయిందని చెబుతారు. ఆ కౌంటీకి ఉన్న రెండు స్థానాలలో ఒకటి ఆయనకు, రెండవది ప్రత్యర్థి హిల్స్‌బరోకు దక్కాయి. ఇంత ఖర్చుపెట్టి గెలిచినవాడు సంస్కరణవాది కావడం వింతగా తోచవచ్చు గాని, పెద్ద వంశపు గుత్తాధిపత్యాన్ని బద్దలు కొట్టాలనుకునే చిన్న వంశానికి సంస్కరణ నినాదం బాగా పనికివస్తుందని మరచిపోకూడదు.

గ్రంథాలయ జీవి:

పైన పాత పాఠకుడు గారు చెప్పినదానికి కొనసాగింపుగా రెండవ సందేహానికి నాకు తోచిన సమాధానం రాస్తున్నాను. కాస్త పొడవుగానే ఉంటుంది.

1790లో ఆయనకు అండగా నిలిచినవారిలో ఉత్తర ఐర్లండ్ ప్రెస్బిటేరియన్ వర్తకులు, కౌలుదార్లు ఎక్కువ. మరుసటి ఏడాది బెల్ఫాస్ట్‌లో పుట్టిన, తరువాత బ్రిటిష్ పాలనను ఎదిరించిన యునైటెడ్ ఐరిష్‌మెన్ సంఘం బలపడినది కూడా ఆ వర్గంలోనే. ఫ్రాన్సులో విప్లవం రాజును గిలటిన్ ఎక్కించేదాకా పోయినప్పుడు, ఫ్రాన్సుతో బ్రిటన్ యుద్ధానికి దిగినప్పుడు, ఆ సంఘం ఫ్రెంచి సహాయం కోసం ఎదురుచూడసాగింది. స్టూవర్ట్ ఆ దశలో ప్రభుత్వం వైపు జరిగిపోయాడు. 1795లో సవతితల్లి సోదరుడు కామ్డెన్ ప్రభువు ఐర్లండ్ రాజప్రతినిధిగా వచ్చాక ఆ జరగడం పూర్తయింది. 1796 సెప్టెంబరులో బెల్ఫాస్ట్‌లో థామస్ రస్సెల్, శామ్యూల్ నీల్సన్ వంటి నాయకులను పట్టుకున్న బృందంలో ఆయన స్వయంగా ఉన్నాడు. ఉత్తరాన ఆయన పేరు చెడడం అప్పుడే మొదలైంది.

1798 మార్చి నుంచి ముఖ్య కార్యదర్శి బాధ్యతలను తాత్కాలికంగా చూసి, ఆ ఏడాది చివర ఆ పదవిలో స్థిరపడ్డాడు. ఐర్లండ్ ప్రభుత్వాన్ని కామన్స్ సభలో నడిపించే పదవి అది. సాధారణంగా ఇంగ్లండ్ నుంచి వచ్చినవారికే ఇచ్చేవారు. ఆ మే నెలలో యునైటెడ్ ఐరిష్‌మెన్ తిరుగుబాటు చెలరేగింది. వెక్స్‌ఫర్డ్‌లో ఘోరమైన పోరాటాలు జరిగాయి. స్టూవర్ట్ సొంత కౌంటీలోని బాలినాహించ్ వద్ద జూన్‌లో తిరుగుబాటుదారులు ఓడిపోయారు. ఆగస్టులో ఫ్రెంచి సేన ఒకటి కిల్లాలాలో దిగి, కొద్ది వారాలలోనే లొంగిపోయింది. మృతుల సంఖ్యను పదివేల నుంచి ముప్పైవేల దాకా అంచనా వేస్తారు. జూన్‌లో కామ్డెన్ స్థానంలో కారన్‌వాలిస్ వచ్చాడు. శాశ్వత శిస్తు పద్ధతి వల్ల మనకు బాగా తెలిసిన కారన్‌వాలిసే ఆయన. మామూలు తిరుగుబాటుదార్లకు క్షమాభిక్ష పెట్టాలన్న ఆయన విధానాన్ని కాసిల్‌రే సమర్థించాడు. అయినా అణచివేత నింద మాత్రం కాసిల్‌రే మీదనే పడింది. ఊరి మనిషి కదా, పరాయివాడిని క్షమించినంత సులువుగా అతన్ని ఎవరూ క్షమించలేదు.

సంస్కరణవాది విలీనవాది ఎలా అయ్యాడన్న ప్రశ్నకు జవాబు నా దృష్టిలో ఇక్కడే ఉంది. ఐర్లండ్ జనాభాలో కాథలిక్కులు దాదాపు నాలుగింట మూడు వంతులు. 1793 చట్టంతో వారికి ఓటు వచ్చింది గాని పార్లమెంటులో కూర్చునే హక్కు రాలేదు. డబ్లిన్ పార్లమెంటు విడిగా ఉన్నంతకాలం ఆ హక్కు ఇస్తే ప్రొటెస్టెంటు భూస్వాములు ఏనాటికైనా మైనారిటీ అయిపోతారు కనుక, వారు ప్రాణం పోయినా ఒప్పుకోరు. అదే రెండు రాజ్యాలను ఒకటి చేస్తే మొత్తం మీద ప్రొటెస్టెంట్లే అధికసంఖ్యాకులు అవుతారు, అప్పుడు కాథలిక్కులకు హక్కులు ఇచ్చినా ఎవరికీ భయం ఉండదు. ప్రధాని పిట్ ఆలోచన ఇదే, కాసిల్‌రే ఆలోచన కూడా ఇదే. మొదట అనుకున్న సంస్కరణను ఆయన పూర్తిగా వదిలేశాడని నేను అనుకోను. దానిని డబ్లిన్‌లో సాధించలేమని తేల్చుకుని లండన్‌కు మార్చాడు. ఆ మార్పుకు తన దేశపు శాసనసభను ధరగా చెల్లించాడు.

1799 జనవరిలో ప్రతిపాదన తొలిసారి వచ్చినప్పుడు ఒక ఓటింగులో ప్రభుత్వం ఒకే ఒక్క ఓటుతో బయటపడింది, రెండు రోజుల తరువాతి ఓటింగులో అయిదు ఓట్ల తేడాతో ఓడిపోయింది. స్పీకరు జాన్ ఫాస్టరే విలీనానికి బద్ధవ్యతిరేకి. ఆ తరువాతి ఏడాదంతా కాసిల్‌రే చేసిన పని సభ్యులను ఒక్కొక్కరిగా తిప్పుకోవడమే. తమకు ఇష్టం లేకపోయినా, తమ స్థానాల యజమానులైన భూస్వాములకు కట్టుబడినవారి చేత రాజీనామా చేయించి, అనుకూలురను ఆ స్థానాలలోకి తెచ్చారు. ప్రభువుల బిరుదులు, పింఛన్లు, ఉద్యోగాలు పంచిపెట్టారు. 1800 జనవరి 15న సభ తెరిచాక, రాత్రంతా చర్చ సాగి తెల్లవారే వేళకు విలీన వ్యతిరేకులలో ప్రముఖుడైన హెన్రీ గ్రాటన్ వచ్చాడు. అప్పటికప్పుడు విక్లో స్థానాన్ని కొనుక్కుని, ఒకప్పటి వాలంటీరు దళపు యూనిఫారం తొడుక్కుని వచ్చిన ఆయనకు జబ్బువల్ల నిలబడే ఓపిక లేదు. సభ అనుమతితో కూర్చునే దాదాపు రెండు గంటలు మాట్లాడాడు. ఆ ప్రసంగానికి సభ కదిలిపోయింది గాని లెక్క మారలేదు. ప్రభుత్వానికి 138, వ్యతిరేకంగా 96. ఫిబ్రవరిలో 158కి 115. ఆగస్టు 1న రాజు సంతకం అయింది, 1801 జనవరి 1 నుంచి విలీనం అమలులోకి వచ్చింది. స్వాతంత్ర్యపు గౌరవం గురించి గ్రాటన్ మాట్లాడుతున్నప్పుడు, ముప్పై ఏళ్ల కాసిల్‌రే మనసులో ఓట్లు లెక్కపెట్టుకుంటూ ఉండి ఉంటాడని నా ఊహ. ఆయన మంచి వక్త కాదు. సభ నాడి మాత్రం ఆయనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

లెక్కలు చూసేవాడు:

గ్రంథాలయ జీవి గారి వివరణ బాగుంది గాని, లంచం అన్న మాట దగ్గర మనం కొంచెం ఆగి చూడాలి. అందరూ ఎత్తిచూపే పెద్ద మొత్తం 12,60,000 పౌండ్లు. రద్దయిన 84 బరోలకు, అంటే చిన్న పట్టణ నియోజకవర్గాలకు, ఒక్కోదానికి 15,000 పౌండ్ల చొప్పున చెల్లించిన పరిహారం అది. డబ్లిన్ కామన్స్‌లోని 300 స్థానాలు లండన్‌లో 100కు తగ్గాయి. పిడికెడు మంది ఓటర్లుండే బరోలను ఆనాటి చట్టం, ఆనాటి నీతి రెండూ యజమాని ఆస్తిగానే చూసేవి. ఈ పరిహారం బహిరంగంగా శాసనం చేసి ఇచ్చినది. అనుకూలంగా ఓటు వేశారా, వ్యతిరేకంగా వేశారా అని చూడలేదు. అందరికంటే ఎక్కువగా 52,500 పౌండ్లు పుచ్చుకున్న డౌన్‌షైర్ ప్రభువు విలీనానికి గట్టి వ్యతిరేకి. తన మిలీషియా దళంలో వ్యతిరేక పిటిషను తిప్పించినందుకు పదవులన్నీ పోగొట్టుకున్న మనిషి కూడా ఆయనే. వ్యతిరేకికి అంత సొమ్ము ముట్టినప్పుడు దానిని లంచం అని ఎలా అంటాం?

అయితే ఇది కథలో సగం మాత్రమే. 1799, 1800లలో లండన్ రహస్య నిధి నుంచి 30,000 పౌండ్లకు పైగా డబ్లిన్‌కు చట్టవిరుద్ధంగా చేరినట్టు, దాదాపు రెండు శతాబ్దాల తరువాత బయటపడిన కాగితాలు చూపాయి. పెద్ద మొత్తం చట్టబద్ధం, చిన్న మొత్తం లంచం అన్నమాట. ఈ బేరసారాలు చేయవలసి వచ్చినందుకు తనను తానే అసహ్యించుకుంటున్నానని కారన్‌వాలిస్ ఒక మిత్రుడికి రాసుకున్నాడు. కాసిల్‌రే అటువంటి బాధను పైకి చెప్పుకోలేదు. దానికి ఆయనను మెచ్చుకోవాలో తప్పుపట్టాలో నేను తేల్చుకోలేదు.

నా దృష్టిలో అసలు మోసం డబ్బులో లేదు, కాథలిక్కుల విషయంలో ఉంది. విలీనాన్ని వ్యతిరేకించకుండా ఉంటే పార్లమెంటు హక్కు వస్తుందని కాథలిక్ బిషప్పులు, పెద్దలు నమ్మేటట్టుగా డబ్లిన్ ప్రభుత్వం వ్యవహరించింది. రాతపూర్వకమైన హామీ మాత్రం ఎక్కడా ఇవ్వలేదు. చట్టం అమలులోకి వచ్చాక మూడవ జార్జి రాజు, కాథలిక్కులకు ఆ హక్కు ఇవ్వడం తన పట్టాభిషేక ప్రమాణానికి విరుద్ధమని మొరాయించాడు. 1801లో పిట్ రాజీనామా చేశాడు, కారన్‌వాలిస్, కాసిల్‌రే కూడా పదవులు వదిలారు. అలా వదలడం నిజాయితీయే. ఏడాదిన్నరలో కాసిల్‌రే మళ్లీ అదే రాజు ప్రభుత్వంలో చేరాడన్నది కూడా నిజమే.

చరిత్ర విద్యార్థి:

ముగ్గురికీ కృతజ్ఞతలు. డౌన్‌షైర్ ప్రభువు సంగతి నాకు పూర్తిగా కొత్త. మరి లండన్‌కు వెళ్లిన తరువాత ఐర్లండ్‌తో ఆయన సంబంధం ఏమైంది? ఇంగ్లండ్ ప్రజలు కూడా ఆయనను అంతగా ద్వేషించడానికి కారణం ఏమిటి?

పాత పాఠకుడు:

సంబంధం తెగలేదు, తెంచే ప్రయత్నాలు జరిగాయి. ఆ రోజుల్లో మంత్రి పదవి తీసుకున్న సభ్యుడు మళ్లీ ఓటర్ల ముందుకు వెళ్లాలి. 1805లో యుద్ధ మంత్రి అయినప్పుడు కాసిల్‌రే డౌన్ కౌంటీకి వెళితే, అప్పటికే చనిపోయిన డౌన్‌షైర్ ప్రభువు భార్య పట్టుబట్టి ఆయనను ఓడించింది. భర్తకు జరిగిన అవమానాన్ని ఆమె మరచిపోలేదు. ఆ తరువాత 1812 దాకా ఆయన ఇంగ్లండ్‌లోని చిన్న బరోల నుంచి సభకు వచ్చి, చివరకు డౌన్‌ను తిరిగి గెలుచుకున్నాడు.

అంతకుముందు 1802 నుంచి ఈస్టిండియా కంపెనీని పర్యవేక్షించే నియంత్రణ మండలి అధ్యక్షుడుగా ఉన్నాడు. గవర్నర్ జనరల్ వెల్లస్లీ దూకుడుకు, ఖర్చులకు గుండెలు బాదుకునే కంపెనీ డైరెక్టర్లకు మధ్య సర్దుబాటు చేయడమే అప్పటి పని. మరాఠాలతో యుద్ధానికి దారితీసిన బసీను ఒప్పందం బ్రిటన్‌ను అనవసరపు చిక్కులలోకి లాగుతుందని ఆయన రాసి పంపాడు. అప్పటికే యుద్ధం మొదలైపోయింది.

యుద్ధ మంత్రిగా గవర్నర్ జనరల్ తమ్ముడు ఆర్థర్ వెల్లస్లీని, అనగా తరువాతి వెల్లింగ్టన్‌ను, పోర్చుగల్‌కు పంపించడం ఆయన చేసిన గొప్ప పని. 1809లో వాల్కరెన్ ద్వీపానికి 40,000 మందిని పంపడం అంతటి తప్పిదం. అక్కడ పోరులో చనిపోయినవారు వందకు కాస్త ఎక్కువ, జ్వరాలతో పోయినవారు దాదాపు నాలుగు వేలు. ఆ ఏడాదే విదేశాంగ మంత్రి జార్జి కానింగ్ తనను పదవి నుంచి తప్పించడానికి నెలల తరబడి లోపాయికారీగా ఏర్పాట్లు చేసుకున్నాడని తెలిసింది. ఆ సంగతి తనకు చెప్పవలసిన బాధ్యత కామ్డెన్ మామ మీద పెడితే, ఆయన నోరు విప్పలేదు. తోటి మంత్రులందరికీ తెలిసి తనకొక్కడికే తెలియలేదన్న అవమానంతో కాసిల్‌రే ద్వంద్వయుద్ధానికి పిలిచాడు. సెప్టెంబరు 21 ఉదయం పట్నీ మైదానంలో ఇద్దరు మంత్రులు పిస్తోళ్లతో ఎదురెదురుగా నిలబడ్డారు. కానింగ్ అంతకుముందు పిస్తోలు పేల్చి ఎరగడు. మొదటి గుండ్లు తప్పాయి. రెండవ విడత కాసిల్‌రే గుండు కానింగ్ తొడలోకి దిగింది. ఇద్దరూ పదవులకు దూరమయ్యారు.

1812లో కాసిల్‌రే విదేశాంగ మంత్రిగా తిరిగి వచ్చి, చనిపోయేదాకా పదేళ్లు అందులోనే ఉన్నాడు. 1814 మార్చిలో షోమోంట్ ఒప్పందంతో నెపోలియన్‌కు వ్యతిరేకంగా నాలుగు రాజ్యాలను కట్టగట్టి ఉంచిన వ్యక్తి ఆయనే. వియన్నాలో పోలండ్, సాక్సనీల మీద కన్నేసిన రష్యా, ప్రష్యాలతో తగాదా ముదిరినప్పుడు, లండన్‌లోని సహచరులు యుద్ధం వద్దని రాస్తున్నా లెక్కచేయక, 1815 జనవరి 3న ఆస్ట్రియాతోనూ, నిన్నటి శత్రువైన ఫ్రాన్సుతోనూ రహస్య ఒప్పందం కుదుర్చుకున్నాడు. ఓడిన ఫ్రాన్సును ముక్కలు చేయాలన్న ప్రష్యా కోరికను అడ్డుకున్నాడు. డబ్లిన్‌లో సభ్యులను కూడగట్టిన నేర్పే ఇక్కడ చక్రవర్తుల మీద పనిచేసిందని నాకు అనిపిస్తుంది.

ఇంగ్లండ్‌లో ద్వేషానికి కారణం వేరు. విదేశాంగ మంత్రిగా ఉంటూనే ఆయన కామన్స్‌లో ప్రభుత్వ పక్ష నాయకుడు. హోం మంత్రి సిడ్‌మౌత్ ప్రభువుల సభలో ఉండేవాడు కనుక, 1819లో మాంచెస్టర్ సెయింట్ పీటర్స్ మైదానంలో ప్రజల మీద అశ్వదళం విరుచుకుపడిన తరువాత సభలను, పత్రికలను కట్టడి చేసిన ఆరు చట్టాలను కామన్స్‌లో సమర్థించవలసిన పని కాసిల్‌రేదే అయింది. ఆనాటి గొప్ప కవులు ఆయనను హంతకుడిగా చిత్రించారు. 1822 వేసవికి పనిభారం ఆయన మనసును దెబ్బతీసింది, తన మీద కుట్ర జరుగుతోందని భయపడసాగాడు. ఆగస్టు 12న కెంట్‌లోని తన ఇంట్లో ప్రాణం తీసుకున్నాడు. వెస్ట్‌మినిస్టర్ ఆబేలో అంత్యక్రియలు జరుగుతుంటే బయట గుంపు కేకలు వేసి హేళన చేసింది.

లెక్కలు చూసేవాడు:

ఒక్క విషయం చేర్చాలి, లేకుంటే ఆయనకు అన్యాయం జరుగుతుంది. కాథలిక్కుల హక్కు విషయంలో కాసిల్‌రే 1801 తరువాత మౌనం వహించాడన్న అభిప్రాయం సరికాదు. రాజు జీవించి ఉండగా దానిని బలవంతంగా ముందుకు తేకూడదని కొన్నేళ్లు ఆగిన మాట నిజం. 1813లోనూ, 1821లోనూ మాత్రం కామన్స్‌లో ఆయన అనుకూలంగానే నిలిచాడు. 1821 బిల్లు కామన్స్‌లో నెగ్గి, ప్రభువుల సభలో ఓడిపోయింది. చివరకు 1829లో, ఆయన పోర్చుగల్‌కు పంపిన వెల్లింగ్టన్ ప్రధానిగా ఉండగా కాథలిక్కులకు పార్లమెంటు తలుపులు తెరుచుకున్నాయి. ఆ చట్టంతో జతగా తెచ్చిన మరో చట్టం ఐర్లండ్ కౌంటీలలో 40 షిల్లింగుల ఓటరును తొలగించి, ఓటు అర్హతను 10 పౌండ్లకు పెంచింది. సీటు వచ్చిన రోజునే పేద కౌలుదారు ఓటు పోయింది.